బండి కబుర్లు: రేడియేటర్ గొట్టం ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఇంజన్ వేడి గురించే. ఏప్రిల్ సగానికి వచ్చేసరికి ఏటా ఇదే వరస. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఆరేళ్లు మెకానిక్ షెడ్డు నడిపాను. షట్టర్ దించేసి మూడేళ్లయినా, ఎండ ముదిరిందంటే నా మనసు ముందు రేడియేటర్ గొట్టాల మీదికే పోతుంది. ఈసారి ఒక ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, మీలో చాలామందికి కావలసిన జవాబు అందులోనే ఉంది.

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. నేను స్కూల్లో లెక్కల టీచర్ని. మా నాన్నగారు వాడిన 2008 మోడల్ మారుతి 800 ఇప్పుడు నేను నడుపుతున్నాను. వారం రోజులుగా పొద్దున్నే బండి కింద ఆకుపచ్చ నీటి చుక్కలు కనిపిస్తున్నాయి. బోనెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ పైనుంచి ఇంజన్‌కి వెళ్లే లావు గొట్టం ఇంజన్ వైపు చివర ఉబ్బి ఉంది. పట్టుకుంటే చేతికి నల్లగా జిడ్డు అంటుకుంది. షెడ్డు వాళ్లు పది రోజుల దాకా ఖాళీ లేదన్నారు. ఈ గొట్టం నేనే మార్చుకోగలనా? ఇంతవరకు స్కూటీ ప్లగ్గు తప్ప ఏదీ విప్పిన అనుభవం లేదు. చెడగొడతానేమో అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మార్చగలరమ్మా. ప్లగ్గు విప్పి మళ్లీ దాని పళ్లు చెడకుండా బిగించిన చేతికి ఈ పని కష్టం కాదు. మీ 800లో బోనెట్ కింద చెయ్యి ఆడే చోటు ఉంటుంది, ఇప్పటి కార్లలా మూతల మీద మూతలు ఉండవు. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి అది. దాని గొట్టాలు ఆటోనగర్‌లోనే కాదు, మీ ఊరి స్పేర్ పార్టుల షాపులో కూడా దొరుకుతాయి. అయితే గొట్టం మార్చేదాకా ఆ బండి బయటికి తీయకండి. ఉబ్బిన గొట్టం ఎప్పుడు పగిలేదీ చెప్పలేం. స్కూలుకి నాలుగు రోజులు ఆటోలో వెళ్లండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘చేతికి నల్లగా జిడ్డు అంటుకుంది’ అన్నది. గొట్టం దానంతట అది జిడ్డుగా ఉండదు. ఈ గొట్టాలకు వాడే రబ్బరు వేడినీళ్లనూ, ఇంజన్‌ని చల్లబరిచే రంగు నీళ్లయిన కూలెంట్‌నూ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది కానీ ఇంజన్ ఆయిల్‌ని తట్టుకోలేదు. ఆయిల్ పడినచోట అది నూనె పీల్చుకుని మెత్తబడుతుంది, ఉబ్బుతుంది. అందుకని గొట్టం కొనడానికి వెళ్లే ముందు ఒక పాత తెల్ల గుడ్డ తీసుకుని ఇంజన్ పైనుండే టాపెట్ కవర్ అంచుల వెంట తుడవండి. గుడ్డ నల్లబడి తడిగా వస్తే ఆ కవర్ ప్యాకింగ్ పోయినట్టు. అక్కణ్ణుంచి జారిన ఆయిలే మీ గొట్టాన్ని తిని ఉంటుంది. ప్యాకింగ్ మార్చకుండా గొట్టం ఒక్కటే మార్చారనుకోండి, కొత్తది కూడా అదే దారి పడుతుంది. షెడ్డు ఖాళీ అయ్యాక ఆ ప్యాకింగ్ వేయించుకోండి. అప్పటిదాకా వారానికోసారి గొట్టం మీద ఆయిల్ పొడి గుడ్డతో తుడుస్తూ ఉండండి.

ఇప్పుడు గొట్టాన్ని ఎలా పరీక్షించాలో చెబుతాను. ఇది అందరికీ పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక, గొట్టం చివర బిగించి ఉంచే క్లిప్పుకు రెండు అంగుళాల లోపు గొట్టాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కండి. తర్వాత గొట్టం మధ్యలో అలాగే నొక్కండి. రెండుచోట్లా ఒకే గట్టితనం ఉండి, వదలగానే మళ్లీ పైకి లేస్తే గొట్టం బాగున్నట్టే. మగ్గిన సీతాఫలంలోకి దిగినట్టు వేలు దిగిపోతే అది ఆయిల్ తిన్నది. అసలు నొక్కుడే పడకుండా కొయ్యలా ఉంటే వేడికి ఎండిపోయింది. అన్నిటికన్నా ప్రమాదం మూడో రకం. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, నొక్కితే మాత్రం లోపల ఎండుటాకు నలిగినట్టు చిన్న చప్పుడు తగులుతుంది. చప్పుడు చెవికి వినిపించదు, వేలికి తెలుస్తుంది.

ఆ మూడో రకం గొట్టాన్ని నేను ఎన్నోసార్లు నిలువునా కోసి కస్టమర్లకు చూపించాను. బయట ఒక్క గీత ఉండదు. లోపల, సరిగ్గా క్లిప్పు బిగిసే చోటికి దగ్గర్లో, పొడుగునా సన్న చీలికలు వరసగా ఉంటాయి. గోరుతో వెడల్పు చేస్తే లోపలి నూలు అల్లిక తడిసి కనిపిస్తుంది. రేడియేటర్ గొట్టం ఒట్టి రబ్బరు కాదు. లోపల ఒక రబ్బరు పొర, దాని మీద నూలు అల్లిక, ఆపైన మళ్లీ రబ్బరు. ఒత్తిడిని కాసేది నడుమనున్న ఆ అల్లికే. ఇంజన్ లోహం, రేడియేటర్ లోహం, మధ్యలో కూలెంట్, ఇవన్నీ కలిసి బ్యాటరీలా చాలా చిన్న కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటు వల్ల లోపలి రబ్బరు చివర్ల దగ్గర చీలికలు ఇస్తుంది. చీలికల్లోంచి కూలెంట్ అల్లికలోకి దిగుతుంది, అల్లిక బలహీనపడుతుంది, ఒక రోజు ఎండలో ఏసీ వేసుకుని వెళుతుంటే పగులుతుంది. ఇంజన్ వేడి అంతా మొదట మోసేది పై గొట్టమే కాబట్టి సాధారణంగా ముందు పోయేదీ అదే. పైకి బాగా కనిపించినా నాలుగైదేళ్లకు మార్చేయమని నేను చెప్పేది ఇందుకే.

ఇక పనిలోకి వద్దాం. షాపుకి వెళ్లేటప్పుడు ఆర్సీ ఫోటో తీసుకెళ్లండి. 800లోనే ఏళ్లు మారేకొద్దీ ఇంజన్ మారింది, గొట్టం వంపు కూడా తేడా వస్తుంది. ‘ఇది అన్నిటికీ పడుతుంది’ అని తిన్నని గొట్టం ఇస్తే తీసుకోవద్దు. దాన్ని వంచి బిగిస్తే వంపు దగ్గర మడత పడి దారి మూసుకుంటుంది. పాతదానిలాగే వంపు తిరిగి అచ్చులో పోసి వచ్చినదే కావాలి. పైదాంతో పాటు కింది గొట్టం కూడా తెచ్చి ఉంచుకోండి. రెండూ ఒకే వయసువి కదా. క్లిప్పులు కూడా కొత్తవి తీసుకోండి. కూలెంట్ డబ్బా మీద ‘నీళ్లు కలపనక్కర్లేదు’ అని ఉందా, ‘కలపాలి’ అని ఉందా చదవండి. కలపాల్సిన రకం అయితే సగం కూలెంట్, సగం బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్). కూలెంట్ రంగు చూసి మోసపోకండి. ఆకుపచ్చ అంతా ఒకటే అని, ఎరుపంతా ఒకటే అని రూలేమీ లేదు, కంపెనీకో రంగు. పాతది ఏ రకమో తెలియకపోతే మొత్తం తీసేసి, ఒకసారి బ్యాటరీ వాటర్‌తో కడిగి, కొత్తది పోయడం మంచిది.

పని తెల్లవారి పెట్టుకోండి. రాత్రంతా బండి కదలకుండా ఉండాలి. సమంగా ఉన్నచోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పక్కకు పెట్టండి. రేడియేటర్‌కి కరెంటు ఫ్యాను ఉంది, పని చేస్తున్నప్పుడు అది తిరగకూడదు. చెయ్యి రేడియేటర్ మీద పెట్టి చల్లగా ఉందని తేల్చుకున్నాకే మూత మీద గుడ్డ వేసి, నొక్కి తిప్పి తీయండి. కింద వెడల్పు టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి. పై గొట్టం ఒక్కటే మార్చాలంటే అంతా తీయనక్కర్లేదు, గొట్టం మట్టం కన్నా కిందికి దిగితే చాలు. తీసినదాన్ని లీటరు సీసాలతో కొలిచి రాసుకోండి. తిరిగి ఎంత పట్టిందో దానితో పోల్చుకుంటే లోపల గాలి మిగిలిందో లేదో తెలిసిపోతుంది. మీరు లెక్కల టీచరు, ఈ మాట మీకు ఎక్కువ చెప్పక్కర్లేదు.

విప్పే ముందు ఫోనుతో రెండు మూడు వైపుల నుంచి ఫోటోలు తీయండి. గొట్టం ఎటు తిరిగి ఉంది, క్లిప్పు స్క్రూ ఎటు చూస్తోంది అన్నది తర్వాత గుర్తుండదు. క్లిప్పు స్ప్రింగు రకమైతే రెండు చెవులూ ప్లయర్‌తో దగ్గరికి నొక్కి గొట్టం మధ్యకు జరపాలి. స్క్రూ రకమైతే స్క్రూడ్రైవర్‌తో వదులు చేస్తే సరి.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఏళ్ల తరబడి వేడెక్కిన గొట్టం, తాను ఎక్కిన పైపు మెడకు అతుక్కుపోయి ఉంటుంది. లాగితే రాదు. స్క్రూడ్రైవర్ సందులో దూర్చి ఎత్తాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. కొత్త రేడియేటర్లలో పక్క ట్యాంకులు, గొట్టం ఎక్కే మెడ ప్లాస్టిక్‌వి. ఆ ప్లాస్టిక్ కూడా మీ గొట్టంలాగే వేడికి పెళుసైపోయి ఉంటుంది. ఒకసారి ఒకబ్బాయి ఉదయం ఏడింటికే మా షెడ్డు ముందు నిలబడ్డాడు. ఒక చేతిలో గొట్టం, దాని చివర్లోనే విరిగిన రేడియేటర్ మెడ. రెండు గంటల్లో అయిపోయే పని రేడియేటర్ మార్చేదాకా వెళ్లింది. గొట్టాన్ని ముందు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పండి. తిరగడం మొదలుపెడితే వచ్చేస్తుంది. తిరగకపోతే దాని మీద జాలి పడకండి, ఎలాగూ పారేసేదే. మెడ మీదున్న భాగాన్ని బ్లేడుతో పొడుగునా కోయండి. ఒకేసారి కాకుండా మూడు నాలుగు గీతల్లో, లోపలి పొర సన్నగా మిగిలేలా ఆగండి. మిగిలింది వేళ్లతో విప్పితే బత్తాయి తొక్కలా ఊడొస్తుంది. బ్లేడు మెడకు తగిలి గాటు పడితే ఆ గాటు వెంటే రేపు కారుతుంది.

మెడ మీద తెల్లగా పెచ్చు కట్టి ఉంటుంది. మెడ లోపలికి గుడ్డ కుక్కి, సన్నరకం ఎమ్రీ పేపరు తడిపి నెమ్మదిగా రుద్ది నున్నగా చేయండి. వేలు తిప్పితే ఎక్కడా గరుకు తగలకూడదు. గుడ్డ తీయడం మాత్రం మరిచిపోవద్దు. లెక్కపెట్టి పెట్టండి, లెక్కపెట్టి తీయండి.

కొత్త గొట్టాన్ని పాతదాని పక్కన పెట్టి పొడవు, వంపు సరిచూసుకున్నాక, ముందు క్లిప్పులు గొట్టానికి తొడగండి. గొట్టం ఎక్కించేశాక స్ప్రింగు క్లిప్పు పట్టదు. మెడకు కాస్త కూలెంట్ రాస్తే గొట్టం జారి ఎక్కుతుంది. గ్రీజు, వంటనూనె, ఆయిల్ ఏదీ రాయకూడదు. ఆయిల్ రబ్బరుకు ఏం చేస్తుందో మీ గొట్టమే చెబుతోంది. మెడ చివర చిన్న గట్టు ఉంటుంది చూడండి, గొట్టం దాన్ని దాటి లోపలికి వెళ్లాలి. క్లిప్పు ఆ గట్టుకు అవతల, గొట్టం అంచుకు పావు అంగుళం వదిలి కూర్చోవాలి. గట్టు మీదే బిగిస్తే పైకి గట్టిగా ఉన్నట్టు ఉంటుంది, వేడెక్కి ఒత్తిడి పెరగ్గానే జారిపోతుంది. స్క్రూ ఫ్యాను వైపు కాకుండా, స్క్రూడ్రైవర్ అందేలా తిప్పి పెట్టండి. ఎంత బిగించాలి అంటే, క్లిప్పు అంచుల పక్కన రబ్బరు కొంచెం పైకి ఉబికితే ఆగిపోవాలి. బలం ఉందని ఇంకో చుట్టు తిప్పితే క్లిప్పు పట్టీ రబ్బరును కోస్తుంది.

ఇప్పుడు కూలెంట్ పోయడం. డ్రెయిన్ స్క్రూ బిగించి, బ్యాటరీ వైరు తగిలించి, గరాటుతో సన్నధారగా పోయండి. మధ్యమధ్యలో ఆపి కొత్త గొట్టాన్ని నొక్కి వదులుతుంటే గాలి బుడగలుగా పైకి వస్తుంది. నిండాక, రేడియేటర్ మూత పెట్టకుండానే ఇంజన్ స్టార్ట్ చేయండి. బండిలో హీటర్ ఉంటే నాబ్‌ని పూర్తిగా వేడి వైపు తిప్పి ఉంచండి. కొంగు, చున్నీ, తువ్వాలు ఏదైనా సరే నడుముకు దోపేసి, గాజులు తీసి పక్కన పెట్టి, ముఖం రేడియేటర్ నోటి మీదికి వంచకుండా నిలబడండి. ఫ్యాను ఎప్పుడు మొదలయ్యేదీ చెప్పదు.

మొదట పది నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. లోపల థర్మోస్టాట్ అనే చిన్న తలుపు మూసి ఉంటుంది, 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. అది తెరుచుకున్న క్షణం మీకు తెలుస్తుంది. అప్పటిదాకా గోరువెచ్చగా ఉన్న పై గొట్టం ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, రేడియేటర్ నోట్లో మట్టం బుడుంగున దిగుతుంది. దిగినమేరకు మళ్లీ పోయండి. ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా చూసి, బుడగలు రావడం ఆగాక మూత బిగించి ఇంజన్ ఆపండి. పక్కనున్న రిజర్వ్ డబ్బాలో రెండు గీతల మధ్యకు నింపండి. లోపల గాలి మిగిలితే ఉష్ణోగ్రత ముల్లు ఉన్నట్టుండి పైకి లేచి మళ్లీ దిగుతుంది. అలా కనిపిస్తే ఆపి, పూర్తిగా చల్లారాక మూత తీసి మళ్లీ నింపాలి. మొదటిరోజు ఊళ్లోనే ఐదారు కిలోమీటర్లు తిరగండి. మర్నాడు పొద్దున క్లిప్పులు మరోసారి చూడండి. కొత్త రబ్బరు వేడికి కాస్త సర్దుకుంటుంది, స్క్రూ క్లిప్పుకు పావు చుట్టు పట్టవచ్చు.

టబ్బులోని పాత కూలెంట్ గురించి గట్టిగా చెబుతున్నాను. దాన్ని కాలవలో పోయొద్దు, టబ్బు ఆరుబయట వదిలేయొద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. దానిలోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, కొద్దిగా లోపలికి పోయినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం అసలు పోయకండి, పిల్లలున్న ఇంట్లో ఎవరైనా ఎత్తి తాగితే ప్రాణం మీదికి వస్తుంది. మూతున్న డబ్బాలో పోసి, పైన పేరు రాసి షెడ్డులో ఇచ్చేయండి.

ప్రశ్న: నా కారుకి రోజూ పొద్దున బోనెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ పై గొట్టం చదునుగా నొక్కేసినట్టు ఉంటోంది. బండి నడిచాక మళ్లీ మామూలైపోతోంది. రెండుసార్లు కొత్త గొట్టం వేయించాను, అయినా అంతే.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: గొట్టం తప్పేమీ లేదు బాబూ, మూత మార్చండి. ఇంజన్ వేడెక్కినప్పుడు కూలెంట్ పెరిగి, ఎక్కువైనది రిజర్వ్ డబ్బాలోకి పోతుంది. చల్లారినప్పుడు అదే కూలెంట్ తిరిగి లోపలికి రావాలి. దానికి దారి ఇచ్చేది రేడియేటర్ మూత అడుగున మధ్యలో ఉండే చిన్న బిళ్ల. అది తుప్పుపట్టి బిగుసుకుపోతే తిరిగి రావడానికి దారి ఉండదు, లోపల శూన్యం ఏర్పడి మెత్తగా ఉన్న గొట్టం పీల్చుకుపోతుంది. చల్లటి ఇంజన్ మీద మూత తీసి ఆ బిళ్లను గోటితో లాగి చూడండి. కదిలి, వదలగానే వెనక్కి కూర్చోవాలి. అది బాగుంటే, మూత దగ్గర్నుంచి డబ్బాకు వెళ్లే సన్న గొట్టం ఎక్కడైనా నలిగిందో, మట్టితో పూడిందో చూడండి. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద రాసి ఉన్న ఒత్తిడి అంకె చూసి అదే కొనండి. 0.9 అని ఉన్నచోట 1.1 వేస్తే గొట్టాల మీదా రేడియేటర్ మీదా అనవసరపు ఒత్తిడి పడుతుంది.

ప్రశ్న: మాకు చలి ఉండదు కదా, కూలెంట్ ఎందుకు? బోరు నీళ్లే పోస్తున్నాను. ఇప్పుడు ఏసీ వేస్తే వేడెక్కుతోంది.
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: మీ ఇంట్లో బకెట్‌లో పెట్టే వాటర్ హీటర్ రాడ్డు తీసి చూడండి. దాని మీద కట్టిన తెల్ల పెచ్చు ఉంది కదా, అదే మీ రేడియేటర్ సన్న గొట్టాల్లో కడుతోంది. పెచ్చు కట్టినచోట వేడి బయటికి పోదు. కూలెంట్ పని నీళ్లు గడ్డకట్టకుండా చూడడం ఒక్కటే అయితే మనకు అక్కర్లేకపోను. అది లోపలి లోహానికి తుప్పు రాకుండా చూస్తుంది, మరిగే వేడిని పైకి జరుపుతుంది. మూత 0.9 ఒత్తిడిలో ఉత్త నీళ్లు సుమారు 118 డిగ్రీల దగ్గర మరిగితే, సగం కూలెంట్ కలిపితే 125 దాటాకే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆ తేడాయే మిమ్మల్ని కాపాడుతుంది. ముందు షెడ్డులో రేడియేటర్ కడిగించండి, తర్వాత బ్యాటరీ వాటర్, కూలెంట్ పోయించండి. దారిలో వేరే గతి లేనప్పుడు బోరు నీళ్లు పోయడంలో తప్పు లేదు, ఇల్లు చేరాక తీసేయండి.

ప్రశ్న: అన్నా, నేను ట్యాక్సీ నడుపుతాను. మొన్న శ్రీశైలం ఘాట్‌లో పై గొట్టం పగిలి పొగలు వచ్చాయి. ప్యాసింజర్లు కంగారు పడి నీళ్లు పొయ్యమన్నారు. పోశాను, మూత ఎగిరి చెయ్యి కాలింది. అలాంటప్పుడు ఏం చేయాలి?
– ఒక డ్రైవర్, కర్నూలు

జవాబు: తమ్ముడూ, ముందు చెయ్యి డాక్టరుకు చూపించు. నా కుడి ముంజేతి మీద కూడా ఇలాంటి మచ్చే ఉంది. పదిహేడేళ్లప్పుడు, పని నేర్చుకునే రోజుల్లో, రోడ్డు పక్కన ఆగిన లారీ దగ్గరికి మేస్త్రి పంపితే, డ్రైవర్ తొందర చేస్తున్నాడని వేడి మూత తిప్పాను. నీళ్లు రావడం నేను చూడలేదు. తెల్లటి ఆవిరి, తర్వాత మంట, అంతే తెలుసు. మూడు వారాలు ఆ చెయ్యి పనికి రాలేదు. నీ ఉత్తరం చదువుతుంటే ఆ మచ్చ మీదికే చూపు పోయింది. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఒత్తిడిలో ఉంటాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా ఆవిరై లేస్తుంది. గొట్టం పగిలాక కూడా లోపల కొంత ఒత్తిడి మిగలవచ్చు.

అందుకని పొగ కనిపించగానే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజన్ ఆపెయ్. ప్యాసింజర్లను నీడలో కూర్చోబెట్టు. కనీసం ముప్పావుగంట ముట్టుకోవద్దు. ఆ ముప్పావుగంట చాలా పొడుగ్గా అనిపిస్తుంది, కానీ వేడెక్కిన ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్డు వంకర పోవచ్చు, పగలొచ్చు. అప్పుడు నీ నెల సంపాదన మొత్తం షెడ్డుకే.

చల్లారాక చూడు. పగులు గొట్టం చివర ఉంటే అదృష్టం. ఆ ముక్క కోసేసి, మిగతా గొట్టం పొడవు సరిపోతే మళ్లీ మెడకు ఎక్కించి బిగించేయొచ్చు. మధ్యలో పగిలితే గొట్టం పొడిగా తుడిచి, సైకిల్ ట్యూబు పట్టీ కోసి బాగా సాగదీసి, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా చుట్టి, పైన సన్న తీగతో కట్టు. తర్వాత నీళ్లు పోసి, మూత పూర్తిగా బిగించకుండా మొదటి గాడి దగ్గరే వదిలెయ్. ఒత్తిడి ఏర్పడదు కాబట్టి కట్టు నిలబడుతుంది. నీళ్లు తొందరగా ఆవిరవుతాయి, అందుకని ఐదారు కిలోమీటర్లకోసారి ఆగి, చల్లారనిచ్చి, నింపుకుంటూ దగ్గర్లోని షెడ్డు దాకా వెళ్లు. ప్యాసింజర్లను వేరే బండి ఎక్కించి పంపడం మంచిది.

ఇంకో మాట. గొట్టం పగిలి నీళ్లన్నీ పోయాక ఉష్ణోగ్రత ముల్లు కిందికి దిగినా నమ్మొద్దు. ముల్లుకు సమాచారం ఇచ్చే సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే సరిగా చెబుతుంది. నీళ్లు లేకపోతే గాలి వేడిని చూసి తక్కువ చూపిస్తుంది. ముల్లు దిగింది కదా అని నడిపి ఇంజన్ జామ్ చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. డిక్కీలో ఎప్పుడూ ఐదు లీటర్ల నీళ్లు, రెండు స్క్రూ క్లిప్పులు, ఒక ట్యూబు ముక్క, స్క్రూడ్రైవర్ ఉంచుకో. ఘాట్ ఎక్కే ముందు, బండి చల్లగా ఉన్నప్పుడే, గొట్టం చివర్లు వేలితో నొక్కి చూసుకో. రెండు నిమిషాల పని.

ప్రశ్న: నేను డిప్లొమా విద్యార్థిని. మా కారులో పెట్రోలు గొట్టానికి పగుళ్లు వచ్చాయి. రేడియేటర్ గొట్టం మార్చినట్టే ఇదీ ఇంట్లో మార్చవచ్చా? ఇంట్లో మిగిలిన పారదర్శకపు ప్లాస్టిక్ ట్యూబు ఉంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు నాన్నా. ఆ ప్లాస్టిక్ ట్యూబు పెట్రోలు తగిలిన కొన్నాళ్లకే గట్టిపడి పగులుతుంది. ఇంజెక్షన్ బళ్లలో ఆ గొట్టంలో పెట్రోలు చదరపు సెంటీమీటరుకు సుమారు మూడు కిలోల ఒత్తిడితో పారుతుంది, పగిలితే వేడి ఇంజన్ మీదికి చిమ్ముతుంది. ఇంజన్ ఆపినా గొట్టంలో ఒత్తిడి నిలిచే ఉంటుంది, విప్పగానే కళ్లలో పడుతుంది. దానికి వేరే రకం గొట్టం, వేరే క్లిప్పులు ఉన్నాయి. ఈ పని నేర్చుకోవాలనుంటే షెడ్డులో మేస్త్రి పక్కన నిలబడి ఒకసారి చూడు, ఆయన ముందు ఒత్తిడి ఎలా దించుతాడో అడుగు. ఇప్పటికి మాత్రం పెట్రోలు వాసన వస్తుంటే ఆ బండి స్టార్ట్ చేయకు, ఇంటి ముందు నుంచి కదపకు. మెకానిక్‌నే అక్కడికి పిలిపించు.